సూదీ, ఒక్కపొద్దూ

మా అత్తకు ఇన్సులిన్ సూది వేయడం నేను చీనీకాయ మీద, అంటే బత్తాయి మీద నేర్చుకున్నాను. నేర్పింది ఆళ్లగడ్డలో మా వెనక వీధిలో ఉండే నర్సమ్మ. సర్కారు ఆసుపత్రిలో ఉద్యోగం, ఆదివారం చర్చి, ముక్కుసూటి మాట. కాయ తొక్కలోకి సూది దింపించి, వెనక్కి లాగించి, "అట్ల గాదు పాపా, నీ చెయ్యి వణికితే ఆయమ్మకు నొప్పి" అంటూ పది కాయలు పాడు చేయించింది. డెబ్బైల చివరి సంగతి. అప్పటికి నాకు ఇరవై మూడేళ్లు, పెళ్లయి నంద్యాల నుంచి ఆ ఇంటికి వచ్చి ఐదేళ్లు.

ఆ పని నాకే ఎందుకు పడిందంటే, సూదిని చూస్తే మా ఆయనకు కళ్లు తిరుగుతాయి. మామకు పొద్దున లేస్తే అంగడే లోకం. ఇంటి ముందరి గదే మా అంగడి: బెల్లం దిమ్మెలు, చక్కెర మూటలు, శనగనూనె డబ్బాలు. అంత తీపి మధ్య కాపురం చేసే మనిషికి చక్కెర జబ్బు వచ్చిందని వీధిలో వాళ్లు నవ్వుకునేవాళ్లు. ఆ ఏడు కాలికి కంపముల్లు గుచ్చుకుని, నెలలు గడిచినా పుండు మానక, అత్తను నంద్యాల తీసుకెళ్లాం. డాక్టరు ఆమె ఉచ్చను నీలం మందులో కలిపి గాజు గొట్టంలో కాచాడు. అది ఇటుక రంగుకు తిరిగింది, అంటే చక్కెర మరీ ఎక్కువుందని. కాలి వేళ్లు రెండు తీసేశారు.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు గట్టిగా రెండు మాటలు చెప్పాడు. "తీపి ముట్టొద్దు. సూది ఒక్కరోజు కూడా మానొద్దు. మానితే ఈసారి వేళ్లు కాదు, కాలే తీయాల." వేళకు తినాలని కూడా అన్నాడు గానీ, అది ఎవరైనా ఎవరికైనా చెప్పే మాటే కదా అని మేం చెవిన వేసుకోలేదు. మొదటి రెండు మాటల్ని మాత్రం అత్త మంత్రోపదేశంలా పట్టుకుంది. పొద్దున్నే పెరట్లో వేరే కుంపటి మీద గాజు సిరంజి కాచేదాన్ని, ఎందుకంటే అత్త దాన్ని వంటింట్లోకి రానిచ్చేది కాదు. మందు సీసా తడి ఇసుక పోసిన కుండలో ఉండేది. ఏడింటికి సూది, కాసేపటికి జొన్నరొట్టె. వేసవంతా బాగానే జరిగిపోయింది.

ఆ తర్వాత శ్రావణం వచ్చింది.

శ్రావణ శనివారాలు ఆ ఇంట్లో ఒక్కపొద్దు. పొద్దున తలకు పోసుకుని, బియ్యప్పిండిలో బెల్లం కలిపి ముద్ద చేసి, ముద్ద మధ్యలో గుంట చేసి, నెయ్యి పోసి వత్తి వేసి దేవుడి ముందు వెలిగిస్తారు. ఆ పిండిదీపం దానంతట అది కొండెక్కేదాకా ఏమీ తినకూడదు. కొండెక్కాక ఆ దీపాన్నే ప్రసాదంగా తలా ఇంత తిని, అప్పుడు భోజనం. అత్త ఆ ఇంటికి వచ్చినప్పటి నుంచీ ఒక్క శనివారం తప్పలేదు. ఈ సంగతి డాక్టరుకు చెప్పాలని మాకెవ్వరికీ తోచలేదు. దేవుడి విషయం డాక్టరుతో ఎవరు మాట్లాడతారు?

ఆ ఏడు ఇంకోటి కూడా ఉంది. అది నేను. అంతకు ముందు రెండుసార్లు నాకు కడుపు నిలబడలేదు, రెండూ నాలుగో నెల నిండకుండానే పోయాయి. ఆ శ్రావణానికి మళ్లీ మూడో నెల. అత్త అహోబిలం నరసింహస్వామికి మొక్కుకుంది. ఈసారి దీపం పెద్దది చేస్తాను, కొండెక్కేదాకా మంచినీళ్లు కూడా ముట్టను, దీపం ఎంతసేపు వెలిగితే బిడ్డకు అంత ఆయుష్షు ఇయ్యి సామీ అని. ఎప్పుడూ నిమ్మకాయంత ఉండే దీపం ఆ ఏడు చిన్న గిన్నెంత అయింది. నెయ్యి తగ్గుతుంటే మళ్లీ పోసేది. మధ్యాహ్నం దాటినా అది వెలుగుతూనే ఉండేది. నాకు కళ్లనీళ్లు వచ్చేవి. ఏ అత్త చేస్తుంది కోడలి కోసం?

మొదటి శనివారం పొద్దున, సూది వేయాలా వద్దా అని అడిగాను. "ఎందుకేయకూడదు? అదేమన్నా నోట్లోకి పోతాదా ఎంగిలి కావడానికి?" అంది అత్త. చేయి చాపింది. నాకూ అది సబబుగానే తోచింది. డాక్టరు మాట తప్పలేదు, దేవుడి మాట తప్పలేదు. రెండు చేతులా పుణ్యం అనుకున్నాం. ఆ మధ్యాహ్నం అత్తకు చెమటలు పోశాయి, చిరాకు పడింది, నీరసం అనుకుని పడుకోబెట్టాం.

రెండో శనివారం అంతకంటే నెయ్యి ఎక్కువ పోసింది. ఒంటిగంట దాటింది. దేవుడి ముందు కూర్చున్న మనిషి ఉన్నట్టుండి ఊగడం మొదలుపెట్టింది. చూపు ఎటో పోయింది, చేతులు వణుకుతున్నాయి, రవిక తడిసిపోయింది. నేను భుజం పట్టుకుంటే విసిరికొట్టింది. మామకు వరసకు వదినయ్యే పక్కింటి పెద్దమ్మ కేక విని వచ్చి, ఒక్క చూపు చూసి, చెంపలేసుకుంది.

"సామి వచ్చినాడమ్మా! అహోబిలం ఓబులేసుడు వచ్చినాడు! కర్పూరం ముట్టీయండి!"

ఇక చూడాలి ఆ ఇంటిని. వీధి వీధంతా మా నడవలోకి వచ్చేసింది. కొబ్బరికాయలు కొట్టారు, గోవింద కొట్టారు. మామ అంగడి వదిలేసి వచ్చి, నా ఎరుకలో మొదటిసారి, పెళ్లాం కాళ్ల మీద పడ్డాడు. "సామీ, ఏం గావల్ల నీకు? చెప్పు సామీ" అని పెద్దమ్మ అడుగుతోంది. అత్త నాలుక మడతపడుతూ ఒకే మాట అంది.

"ఆకలి... ఆకలైతాంది..."

సామికి ఆకలైందట. ఇద్దరు ఆడవాళ్లు పరుగెత్తుకెళ్లి పులిహోర, వడపప్పు తెచ్చి నరసింహస్వామి పటం ముందు పెట్టారు. ఆకలి అంటున్న మనిషి నోట్లో ఒక్క మెతుకు ఎవరూ పెట్టలేదు. నేనూ పెట్టలేదు. చేతులు జోడించి నిలబడ్డాను. ఎవర్ని తిట్టినా ముందు నన్ను తిట్టుకోవాలి.

ఆ రోజు ఆమెను బతికించింది పానకం. నరసింహుడికి పానకం ఇష్టమని ఎవరో బెల్లం నీళ్లు కలిపి చెంబు నోటికి అందించారు. గుక్క గుక్కగా తాగింది. పావుగంటలో చూపు నిలబడింది, చుట్టూ చూసి "ఏందీ, ఇంతమంది వచ్చినారు?" అంది. సామి పానకం తాగి శాంతించి కొండకు పోయినాడని అందరూ దండం పెట్టుకున్నారు.

నాకు మనసులో ఎక్కడో ముల్లు గుచ్చుకుంది. స్వామి వస్తే రావచ్చు, ఆమె ఒళ్లు అంత చల్లగా ఎందుకుంది? మర్నాడు చర్చి నుంచి వస్తున్న నర్సమ్మను దారిలో ఆపి చెప్పాను. ఆమె ముఖం మాడిపోయింది.

"సూది ఏసి కూడు పెట్టలేదా? పాపా, ఆ మందు ఒంట్లో చక్కెరను తినేది. తినేదానికి నువ్వు ఏమీ ఏయకపోతే మనిషినే తినేస్తాది. అది సామి గాదు, చక్కెర పడిపోయింది. ఇంకో అరగంట ఉంటే ఫిట్సొచ్చి పోయిండేది."

"తీపి ఇస్తే చచ్చిపోతాదని కదక్కా..."

"రోజూ తింటే చెడుపు. అప్పుడు మాత్రం అదే మందు. చెమట పట్టినా, చేతులు వణికినా, మాట తడబడినా, ముందు బెల్లమో చక్కెరో నోట్లో పెట్టు, తర్వాత సామిని అడుగు. పూర్తిగా తెలివి తప్పిందా, నీళ్లు పోయొద్దు, పొరపోతాది. బుగ్గ లోపల బెల్లం రాసి, పక్కకు పడుకోబెట్టి, నాకు కబురు చెయ్యి. ఒక్కపొద్దు ఉండల్లంటే ముందే డాక్టరును అడగల్ల. అడక్కుండా ఏందమ్మా ఈ పని?"

ఇంట్లో చెప్పాను. మామ అంగడి గల్లా ముందు నుంచి లేవకుండానే తేల్చేశాడు. "ఆయమ్మ చర్చికి పోయేది. మన సామి సంగతి ఆయమ్మకేం తెలుసు?" ఆయమ్మ నేర్పిన సూది మాత్రం ఈ ఇంటికి రోజూ కావాలి. మా ఆయన్ని బతిమాలి నంద్యాల బస్సెక్కాం. డాక్టరు మమ్మల్ని తిట్టిన తిట్టు మళ్లీ తిట్టకుండా తిట్టాడు. ఈ మనిషి ఉపవాసం ఉండనే కూడదన్నాడు. "వినకపోతే, ఆ పొద్దు మందు సగం చెయ్యండి. మధ్యలో పాలైనా పండైనా తినాల. ఒళ్లు తేడా చేస్తే అప్పుడే ఉపాసం ఆపేయాల. దేవుడు ఏమీ అనుకోడు, నేను చెప్తాండా." పాలు, పండు అంటే అత్త వినలేదు. మొక్కు మొక్కే అంది. మొక్కు ఎవరి కోసం? నా కోసం. నేనే వద్దంటే, రేపు ఏమన్నా అయితే? ముందు నుయ్యి, వెనక గొయ్యి అని చిన్నప్పటి నుంచీ వింటున్నాను. ఆ వారం ఆ రెంటి మధ్యా నిద్ర పోయాను, లేచాను, వంట చేశాను.

మూడో శనివారం అత్తకు చెప్పకుండా మందు సగానికే తీసి వేశాను. మధ్యాహ్నానికి నడవ నిండిపోయింది. గడివేముల నుంచి, అవుకు నుంచి కూడా బండ్లు కట్టుకుని వచ్చారు, బిడ్డలు లేనివాళ్లు, ఎద్దు తప్పిపోయినవాళ్లు. దీపం వెలిగింది, వెలిగి కొండెక్కింది. అత్త నీరసంగా ఉంది గానీ తెలివిగానే ఉంది. స్వామి రాలేదు. జనం ఒక్కొక్కరే చెప్పులు వేసుకుని వెళ్లిపోయారు. నా ప్రాణం లేచి వచ్చింది. అత్త మాత్రం స్తంభానికి ఆనుకుని ఏడ్చింది. "సామి నన్ను ఇడిసిపెట్టినాడు. నీ బిడ్డకేమైతాదో" అంది. అది చూడలేక మా ఆయన నోరు జారాడు. "సామి ఏం ఇడిసిపెట్టలేదు లేమ్మా. నీ కోడలు మందు తగ్గించి ఏసింది."

అత్త నా వైపు చూసిన చూపు ఇప్పటికీ కనబడుతుంది. కోపం కాదు, భయం. "నా కాలు తీయించల్లనుకున్యావా మే?" అంది. పెద్దమ్మ ఊరుకుంటుందా! సామిని రాకుండా కట్టేసిన కోడలని నాకు పేరు పెట్టింది.

నాలుగో శనివారం, పూర్తి సూది వేయను అని నేను తెగేసి చెప్పాను. వేస్తే చంపినట్టే అన్నాను. అత్త సీసా, సిరంజి గుడ్డలో చుట్టుకుని, కుంటి కాలితో నడుచుకుంటూ పోయి, వీధి చివర ఆర్ఎంపీ చేత పూర్తి మందు వేయించుకుని వచ్చింది. ఆయనకు ఒక్కపొద్దు సంగతి చెప్పనేలేదు. నేను నర్సమ్మ ఇంటికి పరుగెత్తాను, డ్యూటీకి పోయిందన్నారు. ఆసుపత్రికి కబురు పంపి వచ్చేసరికి దీపం వెలిగించేశారు. మొక్కుకు ఆఖరి శనివారమని అత్త పిండంతా ఒకే దీపం చేసింది. అది బుడ్డ చెంబంత ఉంది.

మధ్యాహ్నం కాకముందే అత్త ఊగింది. గోవిందలు మిన్నంటాయి. నేను అరిచాను. "సామి గాదు, చక్కెర పడిపోయింది. బెల్లం తెండి!" ఎవరు వింటారు? అంగడికీ నాకూ మధ్య నడవ నిండా మనుషులు. మా ఆయన అడుగు ముందుకు వేసి, మామ ముఖం చూసి ఆగిపోయాడు. "తీపి పెట్టి సంపల్లని ఉందా? డాక్టరు ఏం చెప్పినాడు?" అని మామ గద్దించాడు. "పోయినసారి పానకం ఇచ్చినారు కదా" అని ఏడిస్తే, "అది సామి తాగినాడు" అంది పెద్దమ్మ. ఈసారి ముందు సామి అందరికీ జవాబులు చెప్పాలట, పానకం తర్వాతట. అవుకు నుంచి వచ్చినామె వరుసలో ముందు కూర్చుని తన ప్రశ్న అడుగుతోంది. అత్త పక్కకు ఒరిగిపోయింది. నోటి కొసన నురుగు.

నాకు చేయందేంత దూరంలో ఉన్న తీపి ఒక్కటే, ఆ దీపం. నిండుగా వెలుగుతోంది.

నేను వెంటనే దాని మీదికి దూకానని రాయాలని ఉంది. దూకలేదు. నా చెయ్యి నా కడుపు మీద ఉంది. నర్సమ్మ చెప్పింది నిజమని నాకు తెలుసు, డాక్టరు చెప్పింది నిజమని తెలుసు. అయినా ఆ మంట నా బిడ్డ ఊపిరి అని కూడా నమ్మాను. రెండూ ఒకే తలలో ఉన్నాయి. ఆర్పితే బిడ్డ, ఆర్పకపోతే అత్త. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. అత్త గొంతులోంచి గురక లాంటిది వచ్చింది. అది విన్నాక ఆగలేకపోయాను.

వత్తిని వేళ్లతో నలిపేశాను. వేడి నెయ్యి చేతి మీదికి ఒలికింది. దీపం పగలగొట్టి, వత్తికి దూరంగా ఉన్న మెత్తటి పిండి తీసి, తలను పక్కకు తిప్పి బుగ్గ లోపల రుద్దాను. మళ్లీ రుద్దాను. పెద్దమ్మ నా జుట్టు పట్టుకుంది. "దీపం ఆర్పేసింది! కడుపుతో ఉండి దీపం ఆర్పేసింది!" అని అరుస్తోంది. నేను రుద్దుతూనే ఉన్నాను. కాసేపటికి అత్త గొంతు కదిలింది, కొంచెం మింగింది. ఇంకొంచెం. నర్సమ్మ పరుగెత్తుకుంటూ వచ్చేసరికి కళ్లు తెరిచింది. గ్లూకోజు సూది వేస్తూ నర్సమ్మ నాతో మెల్లగా, "బతికించుకున్యావు" అంది. ఆ ఇంట్లో ఆ మాట అన్నది ఆమె ఒక్కతే.

భాద్రపదం వస్తూనే నా కడుపు పోయింది.

నంద్యాల ఆసుపత్రిలో లేడీ డాక్టరు, ఇదీ మొదటి రెండింటి లాంటిదేనమ్మా, నీ గర్భసంచికే బలం లేదు అని చెప్పింది. నేను దీపం మాట అడిగితే జాలిగా చూసింది. ఆళ్లగడ్డలో ఎవరూ ఏమీ అడగలేదు. అందరికీ జవాబు తెలుసు. తర్వాత నాకు మళ్లీ నెల తప్పలేదు. మామ మా ఆయనకు రెండో పెళ్లి మాట ఎత్తాడు. అత్త ఒక్క కసురు కసిరి నోరు మూయించిందని చాన్నాళ్లకు తెలిసింది. ఎందుకో నాకు అర్థం కాలేదు, ఎందుకంటే అత్త నాతో సరిగా మాట్లాడటమే మానేసింది.

ఒక్కపొద్దులు కూడా మానేసింది. ఏ పండగకూ ఉండలేదు. పదకొండేళ్లు రోజూ పొద్దున్నే నేను సూది పట్టుకుని వెళ్తే, చేయి నా వైపు చాపి ముఖం గోడ వైపు తిప్పుకునేది. వేసేదాకా అట్లాగే ఉండేది. పెట్టింది తినేది, పళ్లెం జరిపేసేది. నాకు కడుపు మండిపోయేది. నా బిడ్డను పోగొట్టుకుని నిన్ను దక్కించుకుంటే నాకేనా ఈ గోడ? ఎన్ని పొద్దులు ఆ సూది కావాలనే కాస్త గట్టిగా దింపానో దేవుడికి తెలుసు. ఆమె ఒక్కనాడూ అబ్బా అనలేదు.

ఎనభైల చివర అత్తకు చూపు మందగించింది, కాళ్లు వాచాయి. ఒకరోజు పొద్దున సూది వేసి, రాగి సంగటి కలుపుతున్నాను. గోడ వైపు తిరిగే ఉండి, "పాపా" అంది. ఆ పిలుపు విని ఎన్నేళ్లయిందో!

"ఆ పొద్దు నువ్వు నా నోట్లో పెట్టినావే, అప్పుడు నాకు సగం తెలివి ఉండాది" అంది. "తెలుస్తానే ఉండాది నాకు, అది దీపమని. ఉమ్మేయల్ల అనుకున్యా. ఆకలి. ఓర్చుకోలేకపోతి. మింగేస్తి."

నేను కలపడం ఆపేశాను.

"ఉమ్మేసింటే నేను పోయిండేదాన్ని, నీ బిడ్డ నిలిచిండేది. నీ బిడ్డను నేనే తినేసినా మే. నీ మొగం యాడ పెట్టుకుని సూసేది?"

పదకొండేళ్లు నేను కోపమనుకున్నది ఇదా! నాకు ఏడుపు ఆగలేదు. నంద్యాల లేడీ డాక్టరు చెప్పిందంతా చెప్పాను. గర్భసంచి సంగతి చెప్పాను, మొదటి రెండు పోయినప్పుడు ఏ దీపం ఆరిందో చెప్పమన్నాను. అన్నీ విని, "నువ్వు మంచిదానివి గాబట్టి అట్ల అంటాండావు" అంది. నమ్మలేదు.

సూది వేసి అరగంట దాటుతోంది. తినకపోతే పడిపోతుంది. ముద్ద చేసి నోటి దగ్గర పెట్టాను. పెదాలు బిగించుకుంది. "తిను అత్తా" అన్నాను. తల అడ్డంగా ఊపింది. నుదుటి మీద అప్పుడే చెమట కనబడుతోంది.

"పోయిన నా బిడ్డ మీద ఒట్టు, తిను" అన్నాను.

అప్పుడు నోరు తెరిచింది.